మలావి పిల్లల కోసం చెయ్యి చాచిన ఏళ్ళు

చందా అడగడానికి వెళ్ళినప్పుడు మొదట ఎదురయ్యేది దాత కాదు, దాత ఇంటి కుక్క. ఈ సంగతి ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పరు. కరీంనగర్‌లో ఇరవై రెండేళ్ళు ఈ పని చేశాను. రెండుసార్లు కుక్క కరిచింది. ఆ రెండిళ్ళ వాళ్ళూ నేను నోరు తెరవకముందే చందా ఇచ్చి, ఆటోలో ఆసుపత్రికి కూడా పంపించారు. కుక్క కరవని ఇళ్ళలో మాత్రం "వచ్చే నెల రాండ్రి" అన్నారు.

నా పేరు సఫియా. ఒక ప్రైవేటు బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే టీచరుగా పొట్టపోసుకున్నాను. సాయంత్రాలూ ఆదివారాలూ మాత్రం ఆఫ్రికాలోని మలావి అనే పేద దేశంలో తల్లిదండ్రులు లేని పిల్లల కోసం ఇంటింటికీ తిరిగాను. మా సంఘంలో నా హోదా గౌరవ కార్యదర్శి. ముందు 'గౌరవ' అని ఉందంటే జీతం లేదని అర్థం. ఆ గౌరవం కూడా లేదని కొంత కాలానికి తెలుస్తుంది.

మొన్నామధ్య ముగ్గురు కొత్త వలంటీర్లు వచ్చి, "మీ అనుభవాలు రాసియ్యుండ్రి మేడం, మాకు పనికొస్తయి" అన్నారు. ఎవరింటికి ఏ వేళకు పోవాలో, ఏ మాటకు చెయ్యి జేబులోకి పోతుందో రాస్తానని వాళ్ళ ఆశ. ఆ కిటుకులు నాకు తెలుసు. వాటిలో ఒకటి నన్నే ముంచింది. అందుకని కిటుకులు పక్కన పెట్టి, జరిగింది చెబుతాను.

రాజమణి ఉత్తరం

లక్సెట్టిపేట బడిలో రాజమణి, నేను ఒకే బెంచీ. వాళ్ళ బాపు శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. రాజమణి నర్సు చదువు చదివి దుబాయి ఆసుపత్రిలో చేరింది. అక్కడ తోటి నర్సు ఒకామెది మలావి. ఒకసారి సెలవుల్లో ఆమె ఊరు చూద్దామని పోయిన రాజమణి, అక్కడ నలభై మంది పిల్లలతో నడుస్తున్న ఒక చిన్న ఇల్లు చూసి, దుబాయి ఉద్యోగానికి రాజీనామా పంపించింది. వాళ్ళ బాపు బతికున్నంత కాలం "నా బిడ్డ సెలవుల మీదున్నది" అనే చెప్పాడు.

ఆమె నాకు రాసిన మొదటి ఉత్తరంలో మూడే సంగతులు ఉన్నాయి. పిల్లలకు ఒంటిపూట అన్నం ఉంది. రెండో పూటకు గ్యారంటీ లేదు. వాన పడితే కప్పు కింద కన్నా చెట్టు కిందే నయం. "నువ్వేం పంపనక్కర్లేదు, ఎవరికన్నా చెప్పుకుందామని రాసిన" అని చివర్లో ఉంది. ఇరవై రెండేళ్ళలో ఇంత నిజాయితీగా చందా అడిగిన మనిషిని మళ్ళీ చూడలేదు. నేనైతే అలా ఎప్పుడూ అడగలేదు.

ఆ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. తలా ఇంత వేశారు. అక్కడ మొదలైంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు మొదటి రోజే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మన దగ్గర అనాథలు లేరా, ఆఫ్రికా దాంక పోవుడెందుకు?" మొదటి రెండేళ్ళు దీనికి వాదన పెట్టుకునేదాన్ని. మానవత్వానికి ఎల్లలు లేవని ఉపన్యాసం చెప్పేదాన్ని. తర్వాత తెలివి వచ్చింది. "ఉన్నరన్నా. చొప్పదండి దిక్కు ఒక హాస్టలున్నది. నడువుండ్రి, ఇప్పుడే పోదాం, ఆటో ఆపిన" అనేదాన్ని. ఆ క్షణంలోనే వాళ్ళకు పెళ్ళి ఉందనో, షాపులో ఎవరూ లేరనో గుర్తొచ్చేది. ఇన్నేళ్ళలో నిజంగా ఆటో ఎక్కింది ఒక్కరే. ఆయన పేరు ఓదెలు, శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పని చేసి రిటైరైన మనిషి. కూతురింటికని కరీంనగర్ వచ్చి నాకు దొరికాడు. చొప్పదండి పిల్లలకు అరటిపండ్లు పంచి, తిరిగొస్తూ ఆటోలో మలావికి కూడా చందా ఇచ్చాడు. "అడిగినందుకు ఆడికీడికి రెండు దిక్కుల ఇయ్యవడితిని గదా ఆపా" అని నవ్వాడు. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆ తర్వాత ఏటా తన కాలనీలో తిరిగి చందా పోగుచేసి తెచ్చేవాడు.

అధ్యక్షులవారి మలేషియా

పదిమంది చేరగానే సంఘం కావాలన్నారు. సంఘం అంటే అధ్యక్షుడు కావాలి. పెద్ద బట్టల షోరూము ఉన్న పురుషోత్తం గారు ఒప్పుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. ఏ సభకైనా సొంత ఖర్చుతో శాలువాలు తెచ్చేవారు. వాటిలో మొదటిది ఆయనకే కప్పేవాళ్ళం.

ఆయనతో ఒకటే చిక్కు. మలావి అన్న మాట ఆయన నోట తిరిగేది కాదు. మొదటి సభలో "మలేషియా అనాథ బాలల కన్నీరు తుడుద్దాం" అన్నారు. ముందు వరుసలోంచి ఒక ఫర్టిలైజర్ దుకాణం యజమాని లేచాడు.

"మలేషియాకు మేం పోయినేడు టూర్ పోయినం సారూ. ఆడ బిల్డింగులు సూస్తే మెడ గుంజింది. మనమే వాళ్ళను అడగాలె గని, వాళ్ళకు మనం ఇచ్చుడేంది?"

నేను పక్క నుంచి చీటీ అందించాను. పురుషోత్తం గారు చీటీ చూసి, గొంతు సవరించుకుని, "మాల్దీవులు" అన్నారు.

ఆ రోజు చందా రాలేదు. సభ అయ్యాక ఆయన నన్ను పిలిచి, "పేరుదేమున్నది సఫియమ్మా, పేదరికం ఏడున్నా పేదరికమే" అన్నారు. అప్పుడు అది పెద్ద మాటలా వినిపించి తలూపాను. పేరుదేమున్నది అనుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్నని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

ఉన్ని చొక్కాలు, ఒంటికాలి బూటు

డబ్బు రాని చోట బట్టలు అడుగుదామని ఎవరో సలహా ఇచ్చారు. ఆ సలహా ఇచ్చినవాళ్ళు ఆ వారం మళ్ళీ కనిపించలేదు. బట్టలు మాత్రం వచ్చాయి. మా ఇంటి ముందు గది నిండి, వంటింట్లోకి పాకాయి.

కుట్టు టీచరును కదా, మూటలన్నీ నేనే విప్పాను. దానం చేసేవాళ్ళ మనసు చూడాలంటే వాళ్ళ ఉపన్యాసం వినొద్దు, వాళ్ళిచ్చిన మూట విప్పండి. చంకలో చినిగిన చొక్కాలు, జిప్పు లేని ప్యాంట్లు, జరీ కత్తిరించుకుని మిగతాది ఇచ్చిన పట్టుచీర, ఎడమకాలి బూటు ఒక్కటే. ఒకావిడ అంచులు చీకిన పాత దోమతెర ఇచ్చింది. దాంట్లో రెండు పెద్ద చిరుగులు. "గవ్విట్ల నుంచి దోమలు పోవా తల్లీ?" అని అడిగితే, "ఆఫ్రికా దోమలు పెద్దగుంటయట గదా" అంది.

అయినా సంఘం తీర్మానం చేసింది కాబట్టి, బాగున్నవి ఏరి, ఉతికి, గుండీలు కుట్టి నాలుగు పెట్టెలు పంపాం. రాజమణి జవాబు రాసింది. ఉన్ని స్వెటర్లు బాగా పనికొచ్చాయట, వాళ్ళ ఊరు గుట్టల మీద ఉంది, చలి ఎక్కువ. మిగతావి ఆ పక్క ఊరి సంతలో తక్కువ ధరకే దొరుకుతాయట. "ఇంకోసారి పంపే ముందు, ఏం కావాలెనో నన్ను అడుగు సఫియా" అని రాసింది.

నాకు కోపం వచ్చింది. ఎంగిలి గిన్నెల పక్కన కూర్చుని నెల రోజులు గుండీలు కుట్టాను, ఒక థ్యాంక్స్ రాయొచ్చు కదా అనుకున్నాను. ఈ పనిలో ముందు పట్టుకునే జబ్బు ఇదే. ఇచ్చిన చెయ్యి పొగడ్త కోసం చాచే ఉంటుంది.

నేను రాసిన వాక్యం

మూడో ఏడు మలావిలో వానలు తప్పాయి. మొక్కజొన్న ఎండిపోయింది. పిల్లల ఇంట్లో ఆ ఒంటిపూట కూడా కష్టమైంది. రాజమణి ఈసారి అడిగింది. దానితో పాటు పన్నెండు ఫోటోలు పంపింది, కరపత్రం వేసుకోమని.

పదకొండు ఫోటోల్లో పిల్లలు నవ్వుతున్నారు. గుడ్డబంతి ఆడుతూ, బకెట్లు మోస్తూ, ఒకరి జుట్టు ఒకరు అల్లుతూ. పన్నెండో ఫోటోలో ఆరేళ్ళ పాప ఒకతె ఏడుస్తోంది. కళ్ళలోంచి, ముక్కులోంచి ధారలు. ఫోటో వెనక రాజమణి చేతిరాత. "చికొండి. సూది వేసిన రోజు. వేసింది నేనే, రెండు రోజులు నాతో మాట్లాడలే."

పురుషోత్తం గారు పదకొండు ఫోటోలు పక్కకు తోసి పన్నెండోది ఎత్తి పట్టుకున్నారు. "గిది సఫియమ్మా! గీ బిడ్డను సూస్తే రాయి గూడ కరుగుతది."

"సారూ, అది ఇంజక్షన్‌కు ఏడ్చింది."

"కన్నీళ్ళ మీద రాసుంటదా, ఇంజక్షన్‌దా ఆకలిదా అని? పేరేంది?"

"చికొండి."

"గది మనోళ్ళకు నోరు తిరగదు. చిన్ని అని రాయి."

ఇంతవరకూ తప్పు ఆయనదే అనొచ్చు. చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకుని నిద్రపోయాను. కానీ ఫోటో కింద వాక్యం రాసింది నేను. "ఈ చిన్నికి ఈ లోకంలో ఎవరూ లేరు. మీరు తప్ప." చికొండికి అమ్మానాన్నలు లేరు, నిజం. కానీ అమ్మమ్మ ఉంది. రాజమణి ఉత్తరాల్లో ఆ ముసలామె ఎన్నోసార్లు వచ్చింది. పెంచలేక పిల్లను అక్కడ చేర్చి, ప్రతి ఆదివారం రెండు గంటలు నడిచి వస్తుందని, కొంగున పల్లీలు కట్టుకొస్తుందని రాసింది. అది నాకు తెలుసు. తెలిసే రాశాను. "అమ్మమ్మ ఉంది" అని రాస్తే, "మరి అమ్మమ్మ సూసుకోదా?" అని అడుగుతారని నాకు కరీంనగర్ తెలుసు.

కరపత్రం ఎంత బాగా పనిచేసిందంటే, గేటు దగ్గర కుక్కలు కూడా మొరగడం మానేశాయేమో అనిపించింది. దుకాణాల్లో అద్దాల కింద పెట్టుకున్నారు. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. ఆ ఏడు మలావి పిల్లలకు రెండు పూటలా తిండి దొరికింది. నా వాక్యం పిల్లల కడుపు నింపింది, అది అబద్ధం కాదు. మిగతాది అబద్ధం.

గ్రానైట్ రాజేశం కప్పు

ఆ కరపత్రం చూసే రాజేశం గారు మా దగ్గరికి వచ్చారు. ఆయనకు గ్రానైట్ క్వారీ ఉంది. మా దిక్కు గుట్టలను పలకలుగా కోసి ఓడలెక్కించే వ్యాపారం. "ఆ పోరి మొకం నా కండ్ల ముంగటికెళ్ళి పోతలేదు ఆపా. ఏం కావాలెనో చెప్పు" అన్నారు.

ఈసారి బుద్ధిగా రాజమణిని అడిగాను. కప్పు కావాలంది, రేకుల కప్పు.

"ఇస్త" అన్నారు రాజేశం. వెంటనే, "నా పేరు ఏడ రాస్తరు?" అన్నారు.

"గోడ మీద రాపిద్దాం అన్నా."

"గోడ మీద సున్నంతోనా? వానకు పోతది. మా బాపు పేరు, మా అవ్వ పేరు, నా పేరు, మా ఇద్దరు కొడుకుల పేర్లు. నేనే రాయి పంపుత. నల్ల గ్రానైట్. నూరేండ్లు ఉంటది."

రాయి తయారైంది. మనిషెత్తు, జానెడు మందం. మీద బంగారు రంగు తెలుగు అక్షరాలు. ఆ దేశంలో తెలుగు చదవగలిగిన మనిషి రాజమణి ఒక్కతే. రాయిని నేరుగా ఓడలో దింపడానికి మలావికి సముద్రం కూడా లేదు. పక్క దేశపు రేవులో దింపి, లారీలో గుట్టలెక్కించాలి. అదంతా అయ్యేసరికి, రేకులకని రాజేశం గారు అనుకున్న డబ్బు రాయి ప్రయాణానికే సరిపోయింది. "కప్పు వచ్చే ఏడు సూద్దాం, ముందుగాల రాయి చేరనీ" అన్నారు. సంఘం చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. వద్దని ఒక్క మాట అనలేదు. పెద్ద దాతను కాదంటే మళ్ళీ రాడని భయం. ఈ పనిలో నేను చేసిన పిరికి పనుల్లో ఇది రెండోది.

ఐదు నెలలకు రాజమణి ఫోన్ చేసింది. అప్పటికి ఆమె ఉత్తరాలు మానేసింది.

"రాయి వచ్చింది సఫియా. లారీ దారి మధ్యల్నే ఆగిపోయింది. ఊరి ఆడోళ్ళు దుంగల మీద దొర్లించుకుంట తెచ్చిండ్రు. మొత్తం ఎక్కినంక ఒకామె నన్ను అడిగింది, మీ దేశపోళ్ళు మా దేశంల రాళ్ళు లేవనుకున్నరా అని."

"నువ్వేం చెప్పినవ్?"

"ఏం చెప్త? మా దిక్కు ప్రేమ బరువుగుంటది అని చెప్పిన."

రాజమణికి కోపం వస్తే ఇలాగే మాట్లాడుతుంది. అయితే ఆ ఇంట్లో ఏదీ వృథా పోదు. పేర్లున్న నున్నటి వైపును గోడకు తిప్పి, గరుకుగా ఉన్న వెనక వైపును నల్లబల్ల చేసుకున్నారు. పిల్లలు దాని మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దారు. రాజేశం గారు ఎక్కడ కనిపించినా "నా రాయి ఎట్లున్నది ఆపా?" అని అడిగేవారు. "పిల్లలు రోజూ దాని ముంగటనే కూసుంటరన్నా" అనేదాన్ని. ఆయన కళ్ళు చెమర్చేవి. మూడేళ్ళు అడిగి అడిగి కప్పు కూడా వేయించాం. దాని మీద పేరు రాయమని ఆయన అడగలేదు, ఎందుకో.

చికొండి వచ్చింది

ఏళ్ళు గడిచాయి. కరపత్రం ఎన్నోసార్లు మళ్ళీ అచ్చయింది. ఫోటోలో పాపకు ఎప్పుడూ ఆరేళ్ళే. అసలు చికొండి మాత్రం ఇరవై ఏళ్ళదై, విదేశీ విద్యార్థుల స్కాలర్‌షిప్ మీద హైదరాబాదుకు నర్సింగ్ చదవడానికి వచ్చింది. మొదటి సెలవులకు కరీంనగర్ వస్తానంది. మిమ్మల్ని చూడాలి అంది.

పురుషోత్తం గారి ఆనందానికి హద్దు లేదు. ఫంక్షన్ హాల్ మాట్లాడారు. లారీ అంత ఫ్లెక్సీ కొట్టించారు. దాని మీద ఏడుస్తున్న ఆరేళ్ళ పాప, పక్కన నవ్వుతున్న పురుషోత్తం గారు.

సభ ముందు రోజు చికొండి మా ఇంట్లో దిగింది. పొడుగ్గా ఉంది, ఒంటి నిండా నవ్వే. గడప దగ్గరే చెప్పులు విప్పి, "మంచిగున్నవా సఫియక్కా? బువ్వ తిన్నవా?" అంది. నేను నోరు తెరిచాను. రాజమణి దగ్గర పెరిగిన పిల్ల, శ్రీరాంపూర్ తెలుగు నాలుగు ముక్కలు పట్టింది. మిగతాది ఇంగ్లీషులో మాట్లాడింది, నాకొచ్చిన ఇంగ్లీషుతో నేను నెట్టుకొచ్చాను.

టీ తాగుతూ గోడకు ఉన్న కరపత్రం చూసింది. దగ్గరికి పోయి నవ్వింది. "ఇది నేనే! ఆ రోజు రాజమణి మమ్మీ నాకు సూది పొడిచింది. పొడిచేదాకా చెయ్యి వెనక దాచుకుంది, దొంగ." తర్వాత వేలితో అక్షరాలు చూపించి, "కింద ఏం రాసుంది?" అని అడిగింది.

వేరే ఏదైనా చెప్పొచ్చు. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఆ ఆలోచన రాలేదని అనను, వచ్చింది. కానీ ఆమె వేలు ఆ వాక్యం మీదే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఈ పాపకు ఈ లోకంలో ఎవరూ లేరు."

చికొండి వేలు తీయలేదు. "అగోగో?" అంది. వాళ్ళ భాషలో అమ్మమ్మను అలా పిలుస్తారు.

నేను నా టీ కప్పు కింద పెట్టాను.

"అగోగో ప్రతి ఆదివారం వచ్చేది. కాళ్ళు వాచేవి. అయినా వచ్చేది. ఇప్పుడూ ఉంది. నేను ఇక్కడికి వస్తుంటే బస్టాండు దాకా వచ్చింది. మీ ఊర్లో మా అగోగోను ఎవరు చంపారు?"

"నేనే" అన్నాను.

ఆమె అరవలేదు, ఏడవలేదు. తన టీ కప్పు తీసుకుపోయి కడిగి బోర్లించింది. నాకు అది తిట్టు కన్నా ఎక్కువైంది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నాక, ఉన్నట్టుండి అడిగింది.

"నిజం రాస్తే ఇచ్చేవాళ్ళు కాదా?"

"తక్కువ ఇచ్చేటోళ్ళు" అన్నాను.

"నిజం రాసి చూశారా?"

చూడలేదు. ఒక్కసారి కూడా.

సభ

పొద్దున్నే పురుషోత్తం గారి దగ్గరికి పోయి ఫ్లెక్సీ తీసేయమని అడిగాను. ఆయన నన్ను జ్వరం వచ్చిన మనిషిని చూసినట్టు చూశారు. "అచ్చయింది సఫియమ్మా. దాతలందరు వస్తున్నరు. బిడ్డ వేదిక మీద ఆ ఫోటో ముంగట నిలవడాలె, అప్పుడు ఇప్పుడు అని సూపియ్యాలె. గంతే గద!"

హాల్లో జనం బాగానే ఉన్నారు. రాజేశం గారు ముందు వరుసలో తెల్లబట్టల్లో కూర్చున్నారు. ఓదెలు వెనక వరుసలో ఉన్నాడు. మూడు ఉపన్యాసాలు, ఆరు శాలువాలు అయ్యాయి. "మాల్దీవుల ముద్దుబిడ్డ" అని చికొండిని పిలిచారు. కార్యదర్శి నివేదిక చదవమని నన్ను లేపారు.

నివేదిక మడిచి సంచిలో పెట్టాను. మైకు దగ్గరికి లాక్కున్నాను. ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించాను. "ఈ అమ్మాయి పేరు చిన్ని కాదు, చికొండి. దేశం మలావి. ఫోటోలో ఏడ్చింది ఆకలికి కాదు, ఇంజక్షన్‌కు. ఈమెకు అమ్మమ్మ ఉన్నది. ఎవ్వరు లేరని రాసింది నేను. మీకు అబద్ధం చెప్పి పైసలు తీసుకున్న. పైసలు పిల్లలకే పోయినయ్, గని అబద్ధం నాది."

ఎవరో దగ్గారు. పురుషోత్తం గారు నా కొంగు పట్టుకుని లాగబోయి ఊరుకున్నారు.

రాజేశం గారు లేచారు. "ఇంజక్షన్‌కా? గిన్నేండ్లు నేను ఆకలి అనుకుంటి గద ఆపా! ఎన్నిసార్ల కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్న!" తన కన్నీళ్ళు వాపసు ఇమ్మన్నట్టుంది ఆయన గొంతు. కొందరు నవ్వారు. కొందరు లేచి పోయారు. పోతూ భోజనాల దిక్కే పోయారు, అది వేరే మాట.

అప్పుడు వెనక నుంచి ఓదెలు చెయ్యెత్తాడు. మైకు అక్కర్లేని గొంతు, బొగ్గుబాయిలో పనిచేసిన గొంతు.

"బిడ్డా, మీ అమ్మమ్మ పేరేంది?"

నేను అనువదించబోయేలోపే చికొండికి అర్థమైంది. "ఎస్నాత్" అంది.

"ఏం వండి పెట్టేది నీకు?"

చికొండి తెల్ల మొక్కజొన్న పిండిని ఎసట్లో వేసి ఎలా తిప్పుతారో చేతులతో చూపించింది.

"గట్క!" అన్నాడు ఓదెలు. "అరె, మక్క గట్క! మా అవ్వ గూడ గదే పెట్టేది మాకు. తినబుద్ధి గాకపోతుండె. నీకు తినబుద్ధయ్యేదా?"

చికొండి అనువాదం విని పగలబడి నవ్వింది. "లేదు" అంది తెలుగులో. ఆ హాల్లో ఆడవాళ్ళు చాలామంది నవ్వారు. ఆ తర్వాత పది నిమిషాలు సభ సభలా లేదు. ఉప్పేస్తారా, అంచుకు ఏముంటది, అమ్మమ్మకు ఎంత మంది పిల్లలు, ఇల్లు ఎక్కడ అని అడుగుతూ పోయారు. పద్నాలుగేళ్ళుగా ఆ పిల్ల మొహం చూసి ఏడ్చిన ఊరు, మొదటిసారి ఆ పిల్లను ఏదో అడిగింది.

ఇక్కడ కథ తీపిగా ముగుస్తుందనుకుంటే పొరపాటు. ఆ ఏడు చందా సగానికి పడిపోయింది. రాజమణి పిల్లలకు రెండో పూట ఇబ్బందైంది. ఆ భారం నా మెడకే ఉంది, నిజం చెప్పినందుకు నన్ను ఎవరూ పొగడొద్దు. మరుసటి ఏడు నవ్వుతున్న ఫోటో వేసి, పేర్లు సరిగ్గా రాసి, ఏం కావాలో రాజమణిని, ఎలా రాయాలో చికొండిని అడిగి కరపత్రం వేశాను. పెద్ద దాతలు తగ్గారు. ఓదెలు తిరిగిన కాలనీల నుంచి, చిన్న దుకాణాల నుంచి కొద్దికొద్దిగా వచ్చింది. లోటు పూడడానికి నాలుగేళ్ళు పట్టింది. రాజేశం గారు రెండేళ్ళు అలిగి, తర్వాత వచ్చారు. "ఆ ముసలామె మంచిగున్నదా?" అని అడిగారు. ఆయన రాయి గురించి అడగని రోజు అదొక్కటే.

నవ్వొద్దన్న రోజు

సంఘం పని వదిలేశాక లక్సెట్టిపేటలో మా తమ్ముడి ఇంటి వెనక వీధిలో అద్దెకు ఉన్నాను. ఒక వానాకాలం గోదావరి పొంగి వాగు ఎదురు తన్నింది. మధ్యాహ్నానికి మా వీధిలోకి మోకాళ్ళ లోతు నీళ్ళు వచ్చాయి. మా అందరినీ ట్రాక్టర్లో ఎక్కించి, మెట్ట మీదున్న బడికి చేర్చారు.

మర్నాడు ఉదయం ఏదో సేవా సంఘం వాళ్ళు బ్యానరుతో వచ్చారు. ఒకే రంగు టీషర్టులు, దుప్పట్లు, బ్రెడ్డు ప్యాకెట్లు. ఒక అమ్మాయి బ్రెడ్డు నా చేతిలో పెట్టింది, కానీ వదల్లేదు. ఇంకో చేత్తో ఫోన్ ఎత్తింది.

"అమ్మా, జర ఇటు సూడుండ్రి."

ఫోన్ ఎదురుగా ఉంటే నవ్వడం అలవాటు. నవ్వాను.

"నవ్వకుండ్రి అమ్మా. నవ్వితే మంచిగ రాదు."

బురద పట్టిన చీర, దువ్వని జుట్టు, చేతిలో సగం నాదీ సగం ఆమెదీ అయిన బ్రెడ్డు. కరీంనగర్ వేదిక మీద తప్పు ఒప్పుకున్నప్పుడు సిగ్గు అంటే ఇంతే అనుకున్నాను. కాదు. అది చేసినవాళ్ళ సిగ్గు. ఫోటోలో ఉన్నవాళ్ళ సిగ్గు ఇంకోటి ఉంది, అది ఒంటి మీద తడిలా ఉంటుంది. ఆ పిల్ల మీద కోపం రాలేదు. నేను ఎవరి మీద కోపపడగలను?

"నీ పేరేంది బిడ్డా?" అని అడిగాను.

"శ్రావణి."

"నా పేరు అడుగు."

ఆ అమ్మాయి తడబడింది. ఫోన్ కొంచెం దించింది. "మీ పేరేంది అమ్మా?"

"సఫియా. మా తమ్ముడు గీ పక్కకే ఉన్నడు, వాని పిల్లలున్నరు. నాకు అందరున్నరు. ఇంట్లకు నీళ్ళొచ్చినయ్, గంతే."

ఆమె ఫోన్ పూర్తిగా దించింది. తర్వాత, అది నేను నేర్పలేదు, తనంతట తనే అడిగింది. "మరి మీకు ఏం కావాలె?"

"నాకేం వద్దు. గా కిటికీ కాడ కూసున్న అవ్వకు షుగరున్నది. గోలీలన్ని నీళ్ళల్ల పోయినయ్. నిన్నటి సంది వేసుకోలే. ఎవ్వరు అడుగలే, ఆమె చెప్పలే."

శ్రావణి ఫోన్ జేబులో పెట్టింది. కిటికీ దగ్గరికి పోయి, ఆ ముసలామె పక్కన నేల మీద కూర్చుని, ముందు పేరు అడిగింది. తర్వాత ఏ గోలీ, ఏ రంగు, పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని అని అడిగింది. లేచి గుమ్మం దాటుతుంటే బ్యానరు పట్టుకున్నవాళ్ళు "శ్రావణీ, గ్రూప్ ఫోటో!" అని కేకేశారు. ఆమె వినిపించుకోకుండా ఎవరిదో బండి అడిగి మెడికల్ షాపు దిక్కు పోయింది.

ఆ తొందరలో నాకివ్వాల్సిన బ్రెడ్డు కూడా చేత్తో పట్టుకుపోయింది. ఇరవై రెండేళ్ళ అనుభవం మీద చెబుతున్నాను, అంత మంచి వలంటీరును నేను చూడలేదు.